సీతారత్నం పెరుగు

మూడు గుళికల్నీ విజయదుర్గ ఐసుముక్కల డబ్బాలో సర్ది, డబ్బాని తువ్వాలులో చుట్టి, తువ్వాలుని టిఫిను సంచీ అడుక్కి తోసింది. పైన ఖాళీ కారేజీ పెట్టింది. దొంగతనం అలవాటు లేని మనిషి చేసే దొంగతనం ఇలాగే ఉంటుంది, అవసరానికి మించిన జాగ్రత్తతో. గేటు దగ్గర కాపలావాడు సంచీ వంక కన్నెత్తి చూడలేదు. పదకొండేళ్లుగా ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న మేడమ్ గారి సంచీ వెతకాలన్న ఆలోచన అతనికెందుకు వస్తుంది?

గుళికలో ఉన్నది మందు కాదు, మందు తయారుచేసే ప్రాణి. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులు ఉన్నాయే, వాటి వంశంలోదే ఒకదాన్ని పట్టుకుని, విజయదుర్గా ఆమె పై అధికారి డాక్టర్ సోమసుందరమూ ఆరేళ్లు దాని వెంటపడి, దాని చేత ఫినోబార్బిటాల్ చేయించారు. మూర్ఛకి వాడే మందు అది. వందేళ్లు దాటిన పాత మందు, చవక మందు, చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఇచ్చే మందు. మత్తుగా ఉంటుంది, పిల్లలకి చదువు కాస్త మందగిస్తుంది, అయినా పనిచేస్తుంది. అసలు తంటా ఎక్కడంటే, మొదలుపెట్టినవాళ్లు దాన్ని ఉన్నట్టుండి మానకూడదు. మెదడుకి జోలపాడి పడుకోబెట్టే మందు కదా, జోల ఠక్కున ఆగిపోతే మెదడు కేకపెట్టి లేస్తుంది. అంతకుముందు ఉన్న మూర్ఛ కంటే ఆ వచ్చే మూర్ఛ పది రెట్లు. మాత్రలు దొరక్క నాలుగు రోజులు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునే పేదవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. మూడు రోజులు మింగితే చాలు, పేగులో కాపురం పెట్టి జన్మంతా రోజూ కాస్త కాస్త మందు చేసిపెట్టే గుళిక వాళ్లకి వరమవుతుందని సోమసుందరం ఆశ. పన్నెండుమంది పెద్దవాళ్లు తమంతట తాము ఒప్పుకుని మింగారు. ఐదు నెలలుగా వాళ్లలో ఒక్కరికి కూడా మూర్ఛ రాలేదు.

పిల్లలకి ఇవ్వడానికి ఇంకా అనుమతి లేదు. రావడానికి మూడేళ్లు పడుతుందని సోమసుందరం చెప్పాడు. మైథిలికి అంత వ్యవధి లేదని విజయదుర్గ లెక్క.

మైథిలి ఆమె చెల్లెలు సీతారత్నం కూతురు. తొమ్మిదేళ్లది. కాకినాడ నుంచి గంట ప్రయాణంలో ఉన్న చినవరం నేతపేటలో ఉంటారు. సీతారత్నం మొగుడు భీమేశు బుటా చీరలు నేస్తాడు. ఆ జూన్‌లో ఊళ్లో ఆసుపత్రిలో మాత్రలు అయిపోయాయి, వచ్చే వారం రమ్మన్నారు. భీమేశు మందుల షాపులన్నీ తిరిగాడు. పెద్ద డాక్టరు చీటీ లేనిదే అలాంటి మందు ఇవ్వమన్నారు. ఐదోనాడు మైథిలి గంటసేపు కొట్టుకుంది. లేచాక ఎక్కాలు మరిచిపోయింది. ఏడో ఎక్కం దాకా గడగడా అప్పచెప్పే పిల్ల, మూడు రెళ్లు ఎంతే అని అడిగితే తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు సీతారత్నం ఫోనులో వర్ణించి చెప్పినప్పుడే విజయదుర్గ గుళికల సంగతి తేల్చుకుంది.

"రోజుకొకటి, మూడు రోజులు. వేడి తగలకూడదు, చల్లగా ఉన్నదాంతో పట్టు. ఎవరికీ చెప్పకు," అంది చెల్లెలితో.

"మా ఆయనక్కూడానా?"

"ఆయనక్కూడా."

సీతారత్నం డబ్బాని కొంగులో దాచుకుని లోపలికి పోయింది. అక్క ఇచ్చిందంటే ఇక దాని మంచీ చెడ్డా అక్కే చూసుకుంటుందని చిన్నప్పటి నుంచీ ఆమె ధైర్యం.

అయితే సీతారత్నానికి ఆ మూడు అన్న లెక్క నచ్చలేదు. ఏ మందైనా అయిపోవడం ఆమె కళ్లతో చూసింది. మూడు రోజులకి మూడు ఇచ్చింది అక్క, మరి నాలుగోనాటికో? రెండు గుళికలు చెప్పినట్టే పిల్లకి వేసింది. మూడోదాన్ని విప్పి, అందులోని పొడిని గోరువెచ్చటి పాలలో కలిపి, మామూలుగా వేసే తోడు చుక్కతో పాటు తోడేసింది. ఇవాళ్టి పెరుగులోంచి రేపటికి తోడు, రేపటిలోంచి ఎల్లుండికి. పెరుగు తరగనన్నాళ్లు మందూ తరగదు. పెద్ద పెద్ద యంత్రాల ముందు ఆరేళ్లు కూచున్న ఇద్దరికి తట్టని సంగతి ఏడో తరగతితో చదువు ఆపేసిన సీతారత్నానికి గిన్నె ముందు నిలబడగానే తట్టింది. అది తెలివితక్కువతనం కాదు. ఆ ఒక్క సంగతి మాత్రం ఈ కథ విన్నవాళ్లు గుర్తుంచుకోవాలి.

మైథిలికి మూర్ఛ ఆగిపోయింది. మొదటి వారం దాటినా సీతారత్నం నమ్మలేదు. నెల దాటాక వీధిలోకి వచ్చి నిలబడడం మొదలుపెట్టింది. అంతకుముందు పిల్లని ఒంటరిగా వదల్లేక గడప దాటేది కాదు. కుళాయి దగ్గర నలుగురితో నవ్వుతూ మాట్లాడుతోందని భీమేశు వదినగారికి ఫోను చేసి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు.

ఇంకొకటి కూడా జరిగింది. సీతారత్నం పెరుగుకి పేరొచ్చింది. చిక్కగా, తియ్యగా, గిన్నె బోర్లిస్తే కదలకుండా తోడుకునేది. పక్కింటి కోడలు ఒకనాడు తమ పెరుగు పులిసిపోయిందని చిన్న గిన్నె పట్టుకుని వచ్చింది. తోడు అడిగితే లేదనేవాళ్లు నేతపేటలో ఎవరుంటారు? ఆమె ఇంట్లోంచి ఆమె ఆడపడుచు ఇంటికి, అక్కణ్ణుంచి ఎదురువరసకి. కార్తీకం వచ్చేసరికి పేటలో నలభై కొంపల్లో అదే తోడు. చిత్రం ఏమిటంటే పేట కూడా నెమ్మదించింది. కుళాయి దగ్గర బిందె ముందుకి జరిపితే ఏడు తరాలు తిట్టే పైడమ్మ నోరు మూసుకుంది. తాగి పెళ్లాలను కొట్టేవాళ్లు సందెవేళకే ముసుగుతన్ని పడుకున్నారు. పసిపిల్లలు ఏడవడం మానేశారు. మా పేటకి మంచిరోజులు వచ్చాయని జనం అనుకున్నారు. మంచిరోజులు అంత నిద్రముఖంతో రావని ఎవరికీ తోచలేదు.

ప్రయోగశాలలో విజయదుర్గ నెలకోసారి మైథిలి రక్తం తెచ్చి, సీసా మీద ఎలుక నంబరు రాసి పరీక్షించేది. పన్నెండుమంది పెద్దవాళ్లలో మందు పాళ్లు గీత గీసినట్టు ఒకే చోట ఉన్నాయి. మైథిలి రక్తంలో దానికి రెట్టింపు ఉంది. మొదటిసారి చూసినప్పుడు పిల్ల బక్కపలచన కదా, అందుకే అనుకుంది. రెండోసారీ అదే అనుకుంది. మనకి కావలసిన జవాబు ముందే ఉన్నప్పుడు ప్రశ్న ఎంత గట్టిగా అరిచినా వినబడదు. సోమసుందరం ఆ వారమే ఢిల్లీ నుంచి వచ్చి, పెద్దలంతా మెచ్చుకున్నారని అందరికీ స్వీట్లు పంచాడు.

నవంబరులో సూరన్న పోయాడు. సీతారత్నం ఇంటికి మూడిళ్ల అవతల ఉండే పెద్దాయన, విజయదుర్గకి వరసకి బాబాయి. పదేళ్ల కిందట గుండెలో కవాటం మార్చారు. అప్పటి నుంచీ రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నాడు. పూట తప్పేవాడు కాదు, నెలనెలా రక్తం చూపించుకునేవాడు. అలాంటి మనిషి కవాటం దగ్గర రక్తం గడ్డకట్టి, మగ్గం మీదే ఒరిగిపోయాడు.

పరామర్శకి వెళ్లిన విజయదుర్గకి పేటలో అడుగుపెట్టగానే ఏదో తేడా అనిపించింది. ఆలోచిస్తే చప్పుడు లేదని తెలిసింది. ఆమె పుట్టి పెరిగిన వీధి అది. పొద్దుట పదింటికి మగ్గాల చప్పుడుతో పక్కమనిషి మాట వినబడేది కాదు. ఇప్పుడు ఒకటి అరా, అదీ ఆగి ఆగి. పైడమ్మ అరుగు మీద కూచునే నిద్రపోతోంది, లోపల అన్నం మాడుతున్న వాసన వీధిలోకి వస్తోంది. భీమేశు నేసిన మూడు చీరల్లో బుటాలు లెక్క తప్పాయని, నూలిచ్చి నేయించుకునే మాస్టరు వెనక్కి తెచ్చి పడేశాడట. పదహారేళ్లుగా కళ్లు మూసుకుని నేసే మామిడిపిందె బుటా అది.

సూరన్న కోడలు ఏడుస్తూ మామగారి ఆఖరి రోజుల గురించి చెప్పింది. మాత్రలు మానలేదని, మొన్న రక్తం చూసిన డాక్టరు ఇవి ఒంటబట్టడం లేదేమిటని మోతాదు పెంచాడని, అయినా లాభం లేకపోయిందని. ఈ మధ్య కూర కూడా అడగకుండా పూట పూటా పెరుగన్నమే తినేవాడని.

"మీ చెల్లెలి తోడే కదండీ. పేటంతా అదే. అది తిన్నాక ఇంక వేరే పెరుగు నోటికి పడదండి," అంది.

ఫినోబార్బిటాల్ మెదడుని పడుకోబెడుతుంది గానీ కాలేయాన్ని కొరడా పెట్టి తోలుతుంది. ఆ దెబ్బకి కాలేయం ఒంట్లోకి వచ్చిన ఇతర మందుల్ని గబగబా విరిచి పారేస్తుంది. రక్తం పలచబరిచే మాత్రల్ని ముందుగా. ఈ ముక్క విజయదుర్గ ప్రయోగశాలకి వచ్చే విద్యార్థులకి ఏటా పాఠం చెబుతుంది.

ఆమె లేచి చెల్లెలి ఇంటికి నడిచింది. గుళికలు ఎలా వేశావని అడిగింది. సీతారత్నం ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్లుగానో చెప్పుకోవాలని ఉన్న గొప్ప అది.

"రెండేశాను. మూడోది తోడులో కలిపేశానక్కా. ఇంక మనకి ఎప్పటికీ అయిపోదు."

విజయదుర్గ చెల్లెల్ని తిట్టాలంటే తనని తాను తిట్టుకోవడం అయిపోయాక గానీ వీల్లేదు. పరీక్ష చెయ్యాలని చెప్పి గిన్నెడు పెరుగు తీసుకుని బయల్దేరింది. ఫలితం సాయంత్రానికే వచ్చింది. పేగులో ఆ ప్రాణి అర్ధాకలితో బతుకుతుంది, అందుకని మందు కొద్దిగానే చేస్తుంది. పాలలో దానికి రోజూ పెళ్లిభోజనం. ఒక గరిటె పెరుగులో ఒక మాత్ర పెట్టు మందు ఉంది. నలభై కొంపలవాళ్లు రోజుకి రెండు పూటలా నాలుగైదు గరిటెలు తింటున్నారు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పంతొమ్మిది రోజులు నోరు కుట్టేసుకుంది. ఎందుకని అడిగితే ఆమె దగ్గర కారణాలు చాలానే ఉండేవి. చెబితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. అవి పైకి చెప్పుకునే కారణాలు. లోపలి కారణం వేరు. మైథిలికి మూర్ఛ వచ్చి ఐదు నెలలైంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి నాలుగో ఎక్కం దాకా వచ్చింది. చెబితే ఆ ప్రాణిని అందరి పేగుల్లోంచీ తుడిచేస్తారు, మైథిలి పేగులోంచి కూడా. పిల్ల మళ్లీ ఆసుపత్రి కిటికీ ముందు మాత్రల కోసం నిలబడుతుంది. సూరన్న బాబాయి ఎలాగూ పోయాడు, ముసలాయన, ఇంక పోయేవాళ్లెవరూ లేరులే అని రోజూ తనకి తాను చెప్పుకుంటూ పంతొమ్మిది రోజులు గడిపింది. ఇరవయ్యో రోజున పైడమ్మ మత్తులో నూతిగట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంది. బిడ్డలు వద్దనుకుని మాత్రలు వాడుతున్న పక్కింటి కోడలికి మూడో నెలని తెలిసింది. ఆ మాత్రల్నీ కాలేయం విరిచేసింది. కడుపులో పడ్డ బిడ్డకి ఆ మందు మంచిది కాదు. విజయదుర్గ వెళ్లి సోమసుందరం ముందు నిలబడి అంతా చెప్పింది.

సోమసుందరం అరవలేదు. ఇది ఇంకెవరికైనా తెలుసా అని మాత్రం అడిగాడు. లేదంది. అయితే రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, ప్రభుత్వానికి చెప్పడం. ఉన్న గుళికలన్నీ తగలబెడతారు, పన్నెండుమంది చేత బలవంతంగా మానిపిస్తారు, మళ్లీ ఇరవై ఏళ్ల దాకా మూర్ఛరోగుల కోసం ఇలాంటి పని ఎవరూ తలపెట్టరు. రెండోది, తామే శుభ్రం చెయ్యడం. ఆ ప్రాణిని తయారుచేసినప్పుడే దాన్ని చంపే మందు కూడా చేసిపెట్టారు. తుడుపు గుళిక అనేవారు దాన్ని. ఒక్కటి మింగితే పేగులో ఆ ప్రాణి ఆనవాలు మిగలదు. పేటవాళ్లందరికీ కడుపులో పురుగుల మందని చెప్పి అది వేద్దాం అన్నాడు.

తుడుపు గుళిక ఒక్కటే వేస్తే పేటకి పేట మూర్ఛలతో పడిపోతుందని విజయదుర్గ అంది. దానికీ ఆయన దగ్గర జవాబుంది. మామూలు ఫినోబార్బిటాల్ మాత్రలు మూడు నెలలు ఇద్దాం, నెలనెలా తగ్గిస్తూ. బలం మాత్రలని చెబుదాం. మైథిలికి మాత్రం ఆపకుండా తానే ఇప్పిస్తానని మాటిచ్చాడు.

విజయదుర్గ ఒప్పుకుంది. గదిలో మూడో మనిషి లేడు కాబట్టి బలవంతం మీద ఒప్పుకున్నానని ఆమె తరవాత చెప్పుకోగలదు. నిజానికి ఒప్పుకున్నది గుండెల మీంచి బండ దిగినంత తేలిగ్గా.

బళ్లో శిబిరం పెట్టారు. బ్యానరు కట్టారు, గ్లూకోజు బిస్కట్లు పంచారు. పేటంతా వరసలో నిలబడి తుడుపు గుళిక మింగింది. మనిషికో నెలకి సరిపడా మాత్రలు, పూటకొకటి చొప్పున అరవై, కాగితం సంచీలో పెట్టి ఇచ్చారు. మైథిలివి మాత్రం ప్రయోగశాల నుంచి కొద్దికొద్దిగా విడిగా పంపుతామని చెప్పి, మొదటి విడత ఇచ్చారు. గిన్నెలన్నీ సలసలకాగే నీళ్లతో కడుక్కోమని, పాత తోడు వాడొద్దని చెప్పి పాకెట్ పెరుగు ఉచితంగా ఇచ్చారు. ఉచితం అనేసరికి ఎవరూ ఎందుకని అడగలేదు.

సీతారత్నం మాత్రం సంచీ విప్పి మాత్రలు చూసింది. చిన్న తెల్లటి మాత్ర, మధ్యలో గీత. అది ఎలా ఉంటుందో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఐదేళ్లు తన చేత్తో పిల్లకి వేసింది. అక్కని పక్కకి పిలిచింది.

"ఇవి మైథిలి మాత్రలు కదక్కా?"

విజయదుర్గ చుట్టూ చూసింది. ఆ క్షణంలో చెప్పాల్సింది రెండే ముక్కలు. నీ పెరుగులో మందు ఉంది, నీ ఒళ్లు దానికి అలవాటు పడిపోయింది, ఇవి మానితే నీకూ మూర్ఛ వస్తుంది. కానీ ఆ ముక్క చెబితే రెండో ముక్క దానంతటదే వస్తుంది. సూరన్న బాబాయిని చంపింది నీ చేతి పెరుగు. కుళాయి దగ్గర ఇప్పుడిప్పుడే నవ్వడం మొదలుపెట్టిన చెల్లెలికి ఆ మాట ఎలా చెబుతుంది? దయ అనుకుంది ఆమె దాన్ని. సగం దయే. మిగతా సగం, అన్నిటికీ మూలం అక్క ఇచ్చిన గుళికని చెల్లెలికి తెలిసిపోతుందన్న భయం.

"అవే. మంచి మందేలే, బలానికీ వాడతారు. మానకుండా వేసుకో," అంది.

సీతారత్నం అక్క ముఖంలోకి ఒకసారి చూసి, సంచీ మూతి మడిచి చంకలో పెట్టుకుంది.

"మరి మైథిలికి ఇవి ఎప్పుడూ ఇస్తారా అక్కా?"

ఇస్తారని చెప్పింది. మూడు నెలల తరవాతో అని సీతారత్నం అడిగింది. చూద్దాంలే అంది విజయదుర్గ. ఆ ఆదరాబాదరాలో చూద్దాంలే అన్న మాట చెల్లెలి చెవికి ఎలా వినబడిందో ఆమె గమనించలేదు.

ఆ మందుకి ఇంకో గుణం ఉంది, అన్నిటికంటే పాడుగుణం. ఒంట్లోంచి తొందరగా పోదు. మానిన మర్నాడు ఏమీ కాదు, మూడోనాడూ ఏమీ కాదు. మెల్లమెల్లగా దిగుతూ, మనిషి మీద అనుమానమే రానివ్వకుండా వారం రోజులు కాచుకుంటుంది. పేటలో ఆ వారమంతా విజయదుర్గ మనుషుల్ని పెట్టి కనుక్కుంది. ఎవరికీ ఏమీ కాలేదు. మత్తు కాస్త వదిలి పైడమ్మ మంచం మీంచే కోడల్ని తిట్టిందని తెలిసి సోమసుందరం నవ్వాడు కూడా.

ఏడోనాడు పొద్దుట భీమేశు ఫోను చేశాడు. అవతల కేకలు వినబడుతున్నాయి. విజయదుర్గ మొదట అన్నమాట, "మైథిలికా?" అని.

"కాదు వదినగారండీ. రత్నానికి. అర్ధగంటయింది, ఆగట్లేదండి."

కాకినాడ ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి సీతారత్నం ఒక మూర్ఛలోంచి ఇంకో మూర్ఛలోకి పోతోంది, మధ్యలో కళ్లు తెరవడం లేదు. పడ్డప్పుడు నాలుక కరుచుకుంది. ఎప్పుడూ నూనె రాసి నున్నగా దువ్వుకునే జుట్టు రక్తంతో ముఖానికి అంటుకుపోయింది. ఇంజెక్షన్లు ఒకదాని మీద ఒకటి ఇచ్చారు. చిన్న వయసు డాక్టరు, నిదానస్తురాలు, బయటికి వచ్చి ఇద్దర్నీ కూచోబెట్టి అడిగింది. ఇంతకుముందు మూర్ఛ ఉందా, లేదు. తలకి దెబ్బ తగిలిందా, లేదు. జ్వరం, లేదు.

"నిద్రమాత్రలు కానీ, అలాంటి మందు ఇంకేదైనా కానీ చాలా రోజులు వాడి, ఉన్నట్టుండి మానేశారా?"

విజయదుర్గ భీమేశు వైపు తిరిగి, బలం మాత్రలు వేసుకుంటోందా అని అడిగింది. రోజూ రెండు పూటలా తన కళ్ల ముందే సంచీలోంచి తీసి నీళ్లు తాగుతోందని భీమేశు చెప్పాడు. అది విని ఆమె ఊపిరి పీల్చుకుంది. వేసుకుంటోంది కదా, అయితే ఇది అది కాదు. ఇంకేదో అయుంటుంది, మెదడులో గడ్డో, ఇంకేదో. చెల్లెలి మెదడులో గడ్డ ఉండాలని ఆ ఒక్క నిమిషం మనసారా కోరుకుంది. మనిషి ఎంత దూరం దిగజారగలదో కొలవడానికి ఏ ప్రయోగశాలలోనూ సాధనం లేదు.

"లేదండి," అని చెప్పింది.

దాంతో డాక్టర్లు వేరే దారిన వెతికారు. తలకి స్కానింగ్ చేశారు, వెన్నులో నీరు తీశారు, మెదడువాపు మందులు పెట్టారు. వాళ్లకి ఆ ఒక్క మాట తెలిసి ఉంటే మొట్టమొదట ఫినోబార్బిటాలే నరంలోకి ఎక్కించి ఉండేవారు. అది ఆ అంతస్తులోనే బీరువాలో ఉంది. మూడోరోజు మధ్యాహ్నం సీతారత్నం గుండె ఆగిపోయింది. మెదడుకి ఏమైందో కారణం తెలియలేదని కాగితం మీద రాసిచ్చారు.

పేటలో ఇంకెవరికీ ఏమీ కాలేదు. బలం మాత్రలని నమ్మినవాళ్లంతా బుద్ధిగా వేసుకున్నారు. అసలు సంగతి సగం గుర్తుపట్టిన మనిషి ఒక్కర్తే పోయింది.

సోమసుందరం పరామర్శకి రాలేదు, ఫోను చేశాడు. సానుభూతి చెప్పాక, ఇలాంటి సమయంలో ప్రయోగశాల నుంచి ఆ పేటకి మాత్రలు వెళుతున్నట్టు ఎవరి కంటా పడకూడదని, పేటవాళ్లకి తరవాతి నెలవి వేరే ఏర్పాటు చేస్తానని, మైథిలికి మాత్రం కొన్నాళ్లు బయట చూసుకోమని అన్నాడు. మాటిచ్చారు కదా అని విజయదుర్గ అడగలేదు. మాటల విలువ గురించి ఎదుటివాళ్లని నిలదీసే హక్కు తనకి లేదని ఆమెకి అప్పటికి తెలిసింది.

సీతారత్నం పోయిన తొమ్మిదోనాడు పొద్దుట భీమేశు కర్మ జరిపించడానికి ఏటికి వెళ్లాడు. ఇంట్లో విజయదుర్గా పిల్లా ఉన్నారు. మైథిలి మాత్రల అట్ట చూస్తే ఖాళీ. నిన్న రాత్రి వేసినదే ఆఖరిది. విజయదుర్గ చెప్పులు వేసుకుంది. ఊళ్లో ఆసుపత్రిలో స్టాకు లేదని నిన్ననే చెప్పారు. కాకినాడ పోయి రావాలి, ఎవరినో బతిమాలి చీటీ రాయించుకోవాలి. పిల్లని పక్కింట్లో కూచోమంది.

"నా దగ్గరున్నాయి దొడ్డమ్మా," అంది మైథిలి.

లోపలికి పోయి బడి సంచీలోంచి జామెట్రీ బాక్సు తెచ్చింది. అందులో స్కేలూ వృత్తలేఖినీ లేవు. మాత్రల అట్టలు పేర్చి ఉన్నాయి. పక్కన, చీర చివర కత్తిరించిన గుడ్డపీలికలో విడి మాత్రలు మూటకట్టి ఉన్నాయి.

"అమ్మ నాకని దాచింది. అట్టలు అమ్మ సంచీలో మిగిలినవి, నేనే తీసి పెట్టాను. ఆసుపత్రిలో అయిపోయినప్పుడు వేసుకోమంది. నాన్నకి చెప్పొద్దంది. అమ్మకి బానే ఉంది కదా, అమ్మకెందుకంట."

విజయదుర్గ మూట విప్పి గుడ్డ మీద పరిచింది. పన్నెండు. ఆరు రోజులవి, రెండు పూటలవి. రోజూ మొగుడి ముందు అట్టలోంచి తీసి, కొంగులో వేసుకుని, ఉత్త నీళ్లు తాగింది. మూడు నెలల తరవాత ఏమవుతుందో చూద్దాంలే అని అక్క అన్నప్పటి నుంచీ కూతురి కోసం ఒక్కో మాత్రా కూడబెట్టింది. అట్టలతో కలిపితే అరవైకి అరవై. మైథిలికి సరిగ్గా నెల. విజయదుర్గ నేల మీద కూచుని అన్నీ మళ్లీ లెక్కపెట్టింది. ఏడుపు రాలేదు. రావాలని చూసింది, రాలేదు.

మైథిలి ఎదురుగా మోకాళ్ల మీద కూచుని మాత్రల వంకా దొడ్డమ్మ వంకా చూసింది. మూర్ఛతో పెరిగిన పిల్ల. మాత్ర మానితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసినది.

"ఇవి వేసుకుని ఉంటే అమ్మకి ఫిట్స్ వచ్చేవి కావా?"

ఆరు నెలల్లో విజయదుర్గ చెల్లెలికి, మరిదికి, పేటకి, డాక్టరుకి అబద్ధం చెప్పింది. ఈ పిల్లకి మాత్రం చెప్పలేకపోయింది.

"వచ్చేవి కావమ్మా."

"మరి ఆ సంగతి అమ్మకి ఎవరూ చెప్పలేదా?"

గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. ఎనిమిదింటి మందు. విజయదుర్గ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. పన్నెండింట్లోంచి ఒక మాత్ర తీసి అరచేతిలో పెట్టి, ముందు వేసుకో తల్లీ, తరవాత చెబుతాను అంది. అమ్మవి నేను వేసుకోను అని మైథిలి పెదాలు బిగించింది. బతిమాలింది, వినలేదు. ఇంకోసారి బతిమాలింది. పిల్ల తల అడ్డంగా ఊపుతూ గోడకి జరిగిపోయింది, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. విజయదుర్గ గ్లాసు కింద పెట్టి, మైథిలిని ఒళ్లోకి లాక్కుని, కాళ్లూ చేతులూ కదలకుండా అదిమిపట్టి, ముక్కు మూసింది. ఊపిరాడక పిల్ల నోరు తెరవగానే మాత్ర లోపలికి తోసి, నీళ్లు పోసి, అది గొంతు దిగేదాకా గడ్డం పట్టుకుని వదల్లేదు.